కిరిగమినె గడ్డినేల

కిరిగమినె అన్న పేరు నాకు మొదట పరిచయమైనది ఒక ఏసీ మీద. 2015 వేసవిలో ఉద్యోగరీత్యా టోక్యో చేరి ఒక చిన్న అద్దె గదిలో దిగిన మొదటి రాత్రి, ఉక్కపోతకు నిద్రపట్టక గోడవైపు చూస్తూ పడుకున్నప్పుడు, ఆ యంత్రం మూలన మూడు చిన్న జపనీస్ అక్షరాలు కనిపించాయి. మరునాడు ఆఫీసులో నా పక్కన కూర్చునే పెద్దావిడను అడిగితే, అది నగానో రాష్ట్రంలోని ఒక ఎత్తైన ప్రాంతం పేరనీ, "పొగమంచు శిఖరం" అని దానికి అర్థమనీ, మిత్సుబిషి ఎలక్ట్రిక్ వారు 1967 నుంచి ఏసీలకు ఆ పేరు పెడుతున్నారనీ చెప్పి, ఆకురాలు కాలంలో ఒకసారి వెళ్లి చూడమని సలహా ఇచ్చారు. ఆ మాట పట్టుకుని అక్టోబరు మొదటి వారంలో బయలుదేరాను. తరువాత నాలుగేళ్లలో ఐదుసార్లు అక్కడికి వెళ్లాను. జపాన్‌లో నేను చూసిన చోట్లు చాలానే ఉన్నా, కళ్లు మూసుకుంటే ముందుగా వచ్చి నిలబడేది ఆ గడ్డినేలే.

షింజుకు స్టేషన్‌లో అజుసా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, కోఫు దాటాక కిటికీకి ఎడమవైపు దక్షిణ ఆల్ప్స్ పర్వతాలు, కుడివైపు యత్సుగతాకె శిఖరాలు కనిపిస్తూ, రెండుంబావు గంటల్లో సువా సరస్సు ఒడ్డునున్న కమి-సువా వస్తుంది. ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం మీదే వేడినీటి బుగ్గ నీళ్లు పట్టిన తొట్టె ఉంది. రైలు కోసం వేచి ఉండేవాళ్లు బూట్లు విప్పి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. సరస్సు 759 మీటర్ల ఎత్తున ఉంటే, అక్కడి నుంచి బస్సు మలుపులు తిరుగుతూ ముప్పావు గంటలో దాదాపు మరో తొమ్మిది వందల మీటర్లు పైకి తీసుకువెళుతుంది. ఇళ్లు, పొలాలు, ఆ తరువాత లార్చ్ చెట్ల అడవి వరుసగా వెనక్కి పోయి, ఒక మలుపు దగ్గర చెట్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎదురుగా కనుచూపు మేర గడ్డి తప్ప మరేమీ లేదు.

అది ఎండుగడ్డి రంగులోకి తిరుగుతున్న సమయం. జపాన్‌లో శరత్కాలం అనగానే అందరూ ఎర్రని మేపుల్ ఆకుల గురించే చెబుతారు కానీ, ఇక్కడ ఎర్రబడేదీ, బంగారు రంగుకు తిరిగేదీ గడ్డే. దానికి వాళ్ల భాషలో "కుస-మొమిజి" అని వేరే మాట ఉంది, గడ్డి పండుబారడం అన్నమాట. కొండ వాలంతా రెల్లును పోలిన సుసుకి గడ్డి వెన్నులు వేసి, గాలికి ఒకవైపుకే ఒరుగుతూ ఉంది. పొగమంచు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పది అడుగుల దూరంలోని దారి కూడా కనిపించకుండా కమ్మేసి, పావుగంట ఉండి, ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ తొలగిపోయింది. దారి తప్పినవాళ్లకు ఆనవాలుగా అక్కడ ఒక రాతి స్తంభానికి గంట కట్టి ఉంచారు. ఆ రోజు మంచులో నుంచి ఎవరో దాన్ని రెండుసార్లు మోగించారు. మోగించిన మనిషి మాత్రం కనిపించలేదు.

బస్సు దిగిన చోటికి కొద్ది దూరంలో ఉన్న ఒక చిన్న బసలో ఆ రాత్రి ఉన్నాను. దాన్ని నడిపే ఆవిడకు అప్పటికే డెబ్భై దాటాయి. నేను ఆవిడను ఒబా-సాన్ అని పిలిచేదాన్ని, అంటే మన పిన్నిగారు, అత్తయ్యగారు వంటి పిలుపు. మాంసం, చేప తిననని చెప్పినప్పుడు ఆవిడ విసుక్కోలేదు. జపాన్ వంటలో కంటికి కనిపించని చేప ఎండు తురుము రసం ప్రతి పులుసులోనూ ఉంటుందని తెలిసిన మనిషి కనుక, నా కోసం విడిగా ఎండు పుట్టగొడుగులు, కొంబు అనే సముద్రపు నాచు నానబెట్టి రసం కాచి, సోబా నూడుల్స్ వడ్డించారు. తరువాత వెళ్లిన ప్రతిసారీ నేను అడగకముందే ఆ గిన్నె సిద్ధంగా ఉండేది.

మరుసటి ఏడాది జూన్‌లో వెళ్లినప్పుడు కొండంతా నారింజ రంగు రెంగె-త్సుత్సుజి పూలతో నిండి ఉంది. ఆ పొదలో విషం ఉన్నందువల్ల పశువులు, జింకలు దాన్ని ముట్టవనీ, మేతకు వాడిన కొండల మీద మిగిలినవన్నీ పోయినా అదొక్కటే గుబురుగా నిలిచిపోతుందనీ ఒబా-సాన్ చెప్పారు. మన బీళ్లలో జిల్లేడు మిగిలినట్టే కదా అని అప్పుడు అనుకున్నాను. "మేతకు వాడిన కొండలు" అన్న మాటను మాత్రం పట్టించుకోలేదు. మనిషి పాదం పెద్దగా పడని ప్రకృతి అది అనే నమ్మకంలోనే ఉన్నాను.

ఆ నమ్మకాన్ని 2017 జూలైలో మా నాన్న సరిచేశారు.

నాన్న తెనాలి దగ్గరి ఒక పల్లెలో జీవితమంతా వరి పండించిన మనిషి. అమ్మ పోయిన తరువాత ఒంటరిగా ఉంటున్న ఆయనను బలవంతాన ఒక నెలకు టోక్యో రప్పించాను. మొదటి రెండు వారాలు ఆయన ఆ నగరంలో ఊపిరాడని వాడిలా గడిపారు. ఎవరితో మాట్లాడాలో తెలియక, ఉదయం నేను ఆఫీసుకు వెళ్లాక కిటికీ దగ్గర కూర్చుని కింద పోయే రైళ్లు లెక్కపెట్టేవారని తరువాత చెప్పారు. అది విన్నప్పుడు కలిగిన బాధతోనే శని, ఆదివారాలకు కిరిగమినె తీసుకువెళ్లాను.

జూలై మధ్యలో అక్కడ నిక్కో-కిసుగె పూస్తుంది. లిల్లీని పోలిన పసుపుపచ్చని పువ్వు. ఒక్కో పువ్వు ఉదయం విచ్చుకుని సాయంత్రానికి వాడిపోతుంది, మర్నాడు అదే కాడ మీద వేరే మొగ్గ విప్పుతుంది. కురుమయామా శిఖరం కింద "భుజం" అని పిలిచే వాలు మీద అవి పసుపు ఆరబోసినట్టు పరుచుకుని ఉన్నాయి. నాన్న ముందుగా చూసింది పూలను కాదు, వాటి చుట్టూ కట్టిన కరెంటు కంచెను. ఎందుకని అడిగారు. జింకల సంఖ్య బాగా పెరిగి మొగ్గలన్నీ తినేస్తున్నాయని, కంచె లేని చోట ఈ పువ్వు దాదాపు కనుమరుగైందని చెప్పాను. తోడేళ్లు ఈ దేశంలో 1905 తరువాత లేవని కూడా చెప్పాను. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి రాత్రుళ్లు మంచె మీద పడుకున్న మనిషికి అంతకన్నా వివరం అక్కరలేదు. "పంటకి కంచె కట్టడం చూశాను గానీ పువ్వుకి కట్టడం ఇక్కడే చూశానమ్మాయ్" అని, కంచె తీగ ఎంత ఎత్తున ఉందో, కింద గడ్డి తగిలి కరెంటు భూమిలోకి పోకుండా ఎలా కోశారో వంగి వంగి చూశారు.

అక్కడి నుంచి యషిమగహర చిత్తడినేల వైపు నడిచాం. జింకలు రాకుండా దాని చుట్టూ కూడా వల కంచె ఉంది, తలుపు తీసుకుని లోపలికి వెళ్లి మళ్లీ గడియ పెట్టాలి. చిత్తడి చుట్టూ చెక్కపలకల దారి ఉంటుంది, పూర్తిగా తిరిగి రావడానికి గంటన్నర పడుతుంది. 1,630 మీటర్ల ఎత్తున చల్లటి పులుపు నీటిలో చచ్చిన నాచు కుళ్లకుండా ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ పన్నెండు వేల ఏళ్లలో ఎనిమిది మీటర్ల మందాన పీట్ నేల తయారైందని అక్కడి బోర్డు మీద రాసింది నాన్నకు చదివి వినిపించాను. ఆయన మనసులో లెక్క వేసుకుని, "అంటే ఏడాదికి గోటి మందం కూడా లేదు" అన్నారు. ఆ తరువాత దారి పొడవునా పలక అంచు దాటి ఆయన కాలు పెట్టలేదు. ముందు నడుస్తున్న ఒక పిల్లవాడు అంచున ఆడుకుంటుంటే భాష రాకపోయినా చేయి అడ్డం పెట్టి ఆపారు. 1960లలో వీనస్ లైన్ అనే పర్యాటక రోడ్డును ఈ చిత్తడి మీదుగా వేయాలని అనుకున్నారని, స్థానికులు ఎదురు తిరిగితే దాన్ని పక్కకు మళ్లించారని నేను చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, ఎదురు తిరిగినవాళ్లలో ఎవరైనా ఇప్పటికీ ఉన్నారా అని మాత్రం అడిగారు.

చిత్తడి దాటి, పూర్వం సువా దేవాలయం తరఫున వేట ఉత్సవం జరిగిన పాత మిసయామా స్థలం మీదుగా వస్తూ, కామకురా కాలపు (పన్నెండో శతాబ్దం చివరి నుంచి పద్నాలుగో శతాబ్దం దాకా) యోధులు కూర్చుని చూడటానికి కొండ వాలును మెట్లుమెట్లుగా చెక్కిన చోట మేం కాసేపు కూర్చున్నాం. గడ్డి కప్పేసినా ఆ మెట్లు ఇప్పటికీ తెలుస్తాయి. అక్కడ నాన్న ఒక పిడికెడు మట్టి తీసి నలిపి, వాసన చూసి, దూరంగా ఉన్న గడ్డి వాలును, దాని అంచున మొలుస్తున్న చిన్న చెట్లను మార్చి మార్చి చూసి, "ఇది అడవి కావాల్సిన నేలమ్మాయ్. ఇన్నాళ్లూ ఎవరో కోస్తూ వచ్చారు. ఇప్పుడు మానేశారు" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాటను ఒబా-సాన్‌కు జపనీస్‌లో చెప్పాను. ఆవిడ చేతిలోని గిన్నె కింద పెట్టేశారు. తన అత్తవారిది కింద సువా పక్కన వరి పండించే కుటుంబమని, ఆవిడ కోడలిగా వచ్చేనాటికి ఆ పని చివరి రోజుల్లో ఉందని చెప్పడం మొదలుపెట్టారు. ఈ కొండ కింది ఊళ్లందరి ఉమ్మడి భూమి. నాట్లకు ముందు తెల్లవారుజామునే గుర్రాన్ని తోలుకుని పైకి వచ్చి, లేత గడ్డి, కొమ్మల చివుళ్లు కోసి, మోపులు కట్టి దించి, మడిలో పరిచి కాళ్లతో తొక్కేవారట. దానికి "కరిషికి" అని పేరు. ఎండాకాలం చివర కోసిన గడ్డి గుర్రాలకు, ఎడ్లకు చలికాలపు మేత. కోత ఎప్పుడు మొదలుపెట్టాలో, ఏ ఊరు ఎక్కడ కోయాలో కట్టుబాట్లుండేవి. వసంతంలో పాత గడ్డిని కాల్చేవారు. రసాయన ఎరువులు, యంత్రాలు వచ్చాక ఒక్క తరంలోనే ఎవరూ పైకి రావడం మానేశారు. తరువాత కాల్చే పనిని మళ్లీ కొన్నాళ్లు చేశారు కానీ, 2013 ఏప్రిల్‌లో నిప్పు అదుపు తప్పి చాలా మేర కాలిపోవడంతో అదీ ఆగింది. ఇప్పుడు ఏటా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు చేతనైనంత మేర పొదలు నరుకుతున్నారు.

నేను ఒక్కొక్క వాక్యాన్ని తెలుగులోకి మార్చి చెబుతుంటే నాన్న ముఖం మారుతూ వచ్చింది. కరిషికి దగ్గరకు రాగానే "పచ్చిరొట్ట!" అన్నారు. జీలుగ, పిల్లిపెసర చల్లి, పూతకు రాకముందే దమ్ములో కలియదున్నే పద్ధతిని, చిన్నప్పుడు కానుగ ఆకు, జిల్లేడు ఆకు బండ్లతో తెచ్చి మడిలో తొక్కిన సంగతిని ఆయన చెప్పడం, నేను తడబడుతూ ఆవిడకు చేరవేయడం, ఆవిడ ప్రతి ముక్కకూ "సో దెసు నే" (అవును కదా) అంటూ తల ఊపడం పదకొండు దాకా సాగింది. రెండు వారాలుగా కిటికీ దగ్గర మౌనంగా కూర్చున్న మనిషి ఆ ఒక్క రాత్రిలో మాట్లాడినంతగా మాట్లాడగా నేను విన్నది తక్కువ. నాన్న పోయిన తరువాత నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ గొంతే.

తెల్లవారి నేను లేచేసరికి ఆయన బస వెనక ఉన్నారు. ఒబా-సాన్ దగ్గర అడిగి తీసుకున్న కొడవలితో, లుంగీ ఎగగట్టి గొంతుక్కూర్చుని, పెరటి అంచున పెరిగిన గడ్డిని మడమల మీద జరుగుతూ వరుస తప్పకుండా కోస్తున్నారు. వాళ్ల కొడవలి మన దానికన్నా పొట్టిది, అలుగు తిన్నగా ఉండి పిడికి అడ్డంగా నిలబడుతుంది. మొదట అలవాటు పడలేదని, తరువాత చేతికి వచ్చిందని చెప్పారు. కోసినదాన్ని పనలుగా వేసి, గడ్డితోనే పేనిన తాడుతో మోపు కట్టారు. ఒబా-సాన్ గుమ్మంలో నిలబడి చూస్తూ, మా మామగారు కూడా ఇలాగే ముడి వేసేవారని చెప్పి, ఒక ఫోటో తీశారు. వెళ్లేటప్పుడు ఆవిడ మాకు కాంతెన్ వడ్డించారు. సముద్రపు నాచు నుంచి తీసిన అగర్‌ను ఉడికించి గడ్డకట్టించిన తేటని ముక్కలు, మీద నల్లబెల్లం పాకం, సోయా పిండి. నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "తాటిముంజలా ఉంది" అన్నారు. దానికి జపనీస్‌లో మాట దొరకక చేతులతో తాటిచెట్టు బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది.

ఆ కాంతెన్ ఎలా తయారవుతుందో 2018 ఫిబ్రవరిలో ఒక్కదాన్నే వెళ్లినప్పుడు చూశాను. చినో పట్టణం చుట్టూ కోత అయిపోయిన వరి మడుల్లో చెక్క తడికెల మీద అగర్ కడ్డీలు వేల సంఖ్యలో పరిచి ఉంటాయి. రాత్రి గడ్డకడతాయి, పగటి ఎండకు కరిగి నీరు విడుస్తాయి, మళ్లీ రాత్రి గడ్డకడతాయి. అలా రెండు వారాల్లో నీరంతా పోయి దూదిలా తేలికైన కడ్డీలు మిగులుతాయి. రాత్రి చలి, పగలు తేటగా కాసే ఎండ రెండూ ఉండాలి కనుక ఆ ప్రాంతానికి ఆ పని కుదిరింది. వేసవిలో వరి పండే మడి చలికాలంలో కూడా ఊరికే ఉండదని నాన్నకు ఫోన్ చేసి చెబితే, అపరాలు వేయలేని చలిలో బాగానే ఆలోచించారు అన్నారు.

ఆ చలికాలం నా అదృష్టం. సువా సరస్సు పూర్తిగా గడ్డకట్టి, రాత్రి చలికి మంచుపలక కుంచించుకుని పగిలి, పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి, పగలు ఆ పలక వ్యాకోచించినప్పుడు అంచులు ఒకదాన్నొకటి నెట్టుకుని సరస్సుకు అడ్డంగా గట్టులా లేచి నిలిచింది. దాన్ని ఒమివతారి అంటారు. సువా పై దేవాలయంలోని దేవుడు సరస్సు దాటి కింది దేవాలయంలోని దేవేరిని చూడటానికి వెళ్లిన దారి అని నమ్మకం. అది ఏ ఏడాది వచ్చిందో, రాలేదో 1443 నుంచి రాసి పెట్టుకుంటూ వచ్చారు. 2013 తరువాత మళ్లీ ఐదేళ్లకు వచ్చిన ఒమివతారిని నేను ఒడ్డున చలికి వణుకుతూ చూశాను. నేను జపాన్‌లో ఉన్న మరే చలికాలంలోనూ అది రాలేదు. వస్తుందేమోనని ప్రతి జనవరిలోనూ వార్తల కోసం చూస్తూ ఉండేదాన్ని.

పైన కిరిగమినె మీద అప్పుడు మనిషి జాడ లేదు. ఎక్కువ లోతు మంచు పడే చోటు కాదు అది. గాలి మాత్రం కురిసిన కాస్త మంచునూ నిలవనివ్వదు, ఎగరేసి పల్లాల్లో పోస్తుంది. అందువల్ల గట్ల మీద ఎండుగడ్డి మంచులోంచి తల ఎత్తి ఉంటుంది. పొగమంచు లార్చ్ కొమ్మలకు తగిలి గడ్డకట్టి, గాలి వచ్చిన వైపుకే తెల్లని ఈకల్లా పెరిగింది. మంచులో దిగబడకుండా బూట్లకు పలకలు కట్టుకుని కురుమయామా మీదికి నెమ్మదిగా నడిచాను. 1,925 మీటర్ల ఆ శిఖరం మీద ఒక గోళాకారపు వాతావరణ రాడార్ ఉంది. ఫుజి పర్వతం మీద రాడార్ పనిని 1999లో ఆపినప్పుడు ఆ బాధ్యత అందుకున్న వాటిలో ఇదొకటి. దాని పక్కన నాలుగు మూలలా నాలుగు మొద్దులు పాతిన చిన్న గుడి. తేటగా ఉన్న ఆ మధ్యాహ్నం ఫుజి, యత్సుగతాకె, దక్షిణ, ఉత్తర ఆల్ప్స్ అన్నీ ఒకే చూపులో కనిపించాయి. నేను మాత్రం వాటికన్నా కింద తెల్లగా పడుకున్న గడ్డి వాలునే ఎక్కువసేపు చూశాను. చెట్లు ఎంతవరకు పాకాయో మంచులో నల్లని చుక్కలుగా స్పష్టంగా తెలుస్తోంది. నాన్న చెప్పకపోయి ఉంటే ఆ చుక్కలు నా కంటికి ఆనేవే కావు.

చివరిసారి వెళ్లింది 2019 ఏప్రిల్ నెలాఖరున, ఇండియా తిరిగి వచ్చేయడం ఖాయమైన తరువాత. కింద సువాలో చెర్రీ పూలు రాలిపోయి కొత్త ఆకు వచ్చేసినా, పైన ఇంకా ఏ పచ్చదనమూ లేదు. పోయిన ఏటి గడ్డి మంచు బరువుకు అణిగిపోయి, తడిసిన గోనెపట్టా రంగులో నేలకు అతుక్కుని ఉంది. పల్లాల్లో మురికిపట్టిన మంచు మిగిలి ఉంది. ఏ పర్యాటకుడూ కోరి రాని సమయం కనుక బసలో నేనొక్కదాన్నే. గుమ్మంలో చెప్పులు విడిచే చోట గోడకు నాన్న ఫోటో ఉంది. లుంగీ ఎగగట్టుకుని, కొడవలి చేతిలో పట్టుకుని, కెమెరా వైపు కాక గడ్డి వైపే చూస్తున్నారు. ఒతో-సాన్, అంటే నాన్నగారు, ఎలా ఉన్నారని ఒబా-సాన్ అడిగారు. అప్పటికి ఆయనకు మోకాళ్లు సహకరించడం లేదు, విమాన ప్రయాణం వద్దని డాక్టర్లు చెప్పారు. ఆ సంగతి చెప్పలేక, బాగున్నారని అన్నాను. ఆవిడ లోపలికి వెళ్లి ఆ కొడవలిని తెచ్చి చూపించి, దీన్ని ఇంకెవరికీ ఇవ్వలేదని, ఆయన మళ్లీ వచ్చేసరికి సానపెట్టి ఉంచుతానని అన్నారు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "సానపెట్టి వదిలేస్తే చాలదు, అలుక్కి నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టమను. చెమ్మ ఊరు, తుప్పు పడుతుంది" అన్నారు. మర్నాడు బయలుదేరే ముందు ఆవిడకు ఆ మాట చెప్పాను, మరచిపోతారేమోనని కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.

2020 జనవరిలో జపాన్ నుంచి నూతన సంవత్సరపు కార్డు ఒకటి మా తెనాలి ఇంటికి వచ్చింది. ఒకవైపు మంచు కప్పిన గడ్డి వాలు బొమ్మ. రెండోవైపు మా కుటుంబానికి శుభాకాంక్షలు, దాని కింద ఒతో-సాన్‌కు అని విడిగా ఒక వాక్యం. చదివి అర్థం చెప్పాను: నూనె రాశాను, గుడ్డలో చుట్టి మెట్ల కింద పొడిగా ఉన్నచోట పెట్టాను. నాన్న ఆ కార్డు తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, చదవడం రాని ఆ అక్షరాలను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూసి, పొలం పాసుపుస్తకంలో పెట్టుకున్నారు.